లేజర్ తర్వాత కంట్లో వెలుగు గీత

కంటి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్కారం. నాకు యాభై నాలుగేళ్ళు. మల్కాజిగిరిలో ఉంటాం. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పోయిన ఏడాది చివర్లో సాయంత్రమయ్యేసరికి ఎడమ కణత నొప్పి వచ్చేది, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. మైగ్రేన్ అనుకుని మాత్రలు మింగాను. మా కోడలు పోరుపెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కంటి ప్రెషర్ 28 ఉంది, యాంగిల్ మూసుకుపోతోంది, నీటికాసుల జబ్బు (గ్లకోమా) మొదలవుతోంది అని చెప్పి సంక్రాంతికి ముందు రెండు కళ్ళకీ లేజర్ చేశారు. కుడి కంటికి ఏ ఇబ్బందీ లేదు. ఎడమ కంటికి చేస్తున్నప్పుడు కొంచెం రక్తం వచ్చిందని అద్దంతో నొక్కి పట్టుకున్నారు. ఇంటికొచ్చాక రెండ్రోజులు మసకగా ఉంది. అది పోయింది కానీ అప్పట్నుంచి ఆ కంట్లో కిందివైపు అడ్డంగా తెల్లటి గీత ఒకటి మెరుస్తోంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు సరిగ్గా అక్కడికే వస్తుంది. రాత్రిపూట ఎదురుగా బండ్ల లైట్లు పడితే ఇంకా ఎక్కువ. ఆసుపత్రిలో చెబితే "ఏం లేదమ్మా, హోల్ బాగుంది, అలవాటైపోతుంది" అన్నారు. బాగున్న చూపుని చేజేతులా పాడుచేసుకున్నానా అని టెన్షన్‌గా ఉంది. జలుబు మాత్రల చీటీ మీద గ్లకోమా ఉన్నవాళ్ళు వాడకూడదని రాసి ఉంది, అదొక భయం. అప్పుడిచ్చిన తెల్ల చుక్కల మందు వేసుకుంటే కంటికి హాయిగా ఉంటుంది. అందుకని అయిపోయినప్పుడల్లా మెడికల్ షాపులో తెప్పించుకుని ఉగాది దాటినా వేసుకుంటూనే ఉన్నాను.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, గీత సంగతి కాసేపాగి చూద్దాం. ఉత్తరం చివర్లో మాటవరసకి రాసినట్టు రాశారు చూడండి, ఆ తెల్ల చుక్కల మందు, ముందు దాని గురించి చెప్పాలి. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ ఒక్క వాక్యం దగ్గరే.

లేజర్ తర్వాత ఇచ్చే మందు, సీసా బాగా ఊపి వేసుకోమని చెప్పేది, తెల్లగా ఉండేది, చాలావరకు స్టెరాయిడ్ అయి ఉంటుంది. సీసా మీద ప్రెడ్నిసొలోన్ అనో, డెక్సామెథసోన్ అనో, బీటామెథసోన్ అనో ఉందేమో మీ కోడలితో చదివించండి. లేజర్ తగిలిన చోట కంటి లోపల కొద్దిగా వాపు వస్తుంది. అది తగ్గడానికి నాలుగు రోజుల నుంచి వారం దాకా ఈ మందు వేయిస్తాం, అవసరమైతే ఇంకొన్నాళ్ళు. ఆ పనికి ఇంతకంటే మంచి మందు లేదు. కానీ వారాల తరబడి వేసుకుంటే ఇదే మందు కంటి ప్రెషర్‌ని పెంచుతుంది. అందరికీ పెంచదు. మామూలు జనంలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత పెరుగుతుంది, నీటికాసులు ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువమందికి పెరుగుతుంది. పైగా ఇలా పెరిగే ప్రెషర్‌కి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటికి హాయిగా ఉందని మీరనుకుంటూ ఉండగానే లోపల నరం దెబ్బతింటూ ఉండొచ్చు. శుక్లం కూడా తొందరగా ముదురుతుంది.

కాబట్టి ఈ జవాబు చదివిన మర్నాడే ఆసుపత్రికి వెళ్ళి ప్రెషర్ చూపించుకోండి. వాడుతున్న సీసా చేతిలో పట్టుకెళ్ళండి, ఎప్పట్నుంచి వేస్తున్నారో దాచకుండా చెప్పండి. మందు ఒక్కసారిగా ఆపాలా, మెల్లమెల్లగా తగ్గించాలా అన్నది కన్ను చూశాక వాళ్ళు చెప్పాలి. ప్రెషర్ పెరిగి ఉన్నా మందు ఆపితే చాలామందికి కొన్ని వారాల్లో దిగుతుంది. మెడికల్ షాపు కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. పాత సీసా చూపిస్తే కొత్తది ఇస్తాడు, ఎన్ని రోజులు వాడమన్నారని అడగడు. ఆ తారీఖు చీటీ మీద పెద్దక్షరాలతో రాసివ్వాల్సింది మేమే. ఓపీ గదిలో వందమంది కూర్చుని ఉంటే అది చెయ్యం.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం.

మీకు చేసిన లేజర్ ఏమిటో తెలిస్తే గీత ఎందుకొచ్చిందో తెలుస్తుంది. కన్ను లోపల నీళ్ళలాంటి ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. కనుపాప గుండా ముందుకొచ్చి, నల్లగుడ్డు అంచున చుట్టూ ఉన్న సన్నటి జల్లెడ గుండా బయటికి పోతుంది. ఆ అంచునే యాంగిల్ అంటాం. కొందరి కళ్ళలో అక్కడ చోటు ఇరుకు. వెనక ద్రవం నిలిచిపోతే ఐరిస్ అనే రంగు పొర ముందుకి ఉబ్బి జల్లెడకి అతుక్కుంటుంది. మన ఊళ్ళో గట్టి వాన పడ్డప్పుడు నాలా చువ్వలకి ప్లాస్టిక్ కవరు అడ్డంపడి రోడ్డంతా నీళ్ళు నిలిచినట్టే. సాయంత్రం వెలుతురు తగ్గి కనుపాప పెద్దదైనప్పుడు ఇది ఎక్కువవుతుంది. మీ కణత నొప్పీ, బల్బు చుట్టూ వలయాలూ సాయంత్రాలే రావడానికి కారణం అదే. లేజర్‌తో ఐరిస్‌కి పై అంచు దగ్గర చిన్న రంధ్రం చేస్తాం, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుందేమో. వెనక నిలిచిన ద్రవం ఆ దారిన ముందుకి వస్తుంది, ఐరిస్ వెనక్కి సర్దుకుంటుంది.

అంటే మీ కంట్లోకి వెలుతురు పోవడానికి ఇప్పుడు కనుపాపతో పాటు ఇంకొక సందు ఏర్పడింది. మామూలుగా పైరెప్ప దాన్ని కప్పేస్తుంది, మనిషికి తెలియదు. రెప్ప అంచు సరిగ్గా ఆ రంధ్రం మీదుగా పోతే మాత్రం చిక్కు. రెప్ప అంచున ఎప్పుడూ సన్నగా కన్నీటి తడి ఉంటుంది. వెలుతురు ఆ తడిలో వంగి రంధ్రంలోంచి లోపలికి పడుతుంది. అలా వంగిన వెలుతురు కంటి వెనక తెర (రెటీనా) పైభాగం మీద పడుతుంది కాబట్టి గీత కిందివైపు కనిపిస్తుంది. మీరు రాసినట్టే అడ్డంగా, తెల్లగా. అద్దం ముందు నిలబడి చూపుడు వేలితో ఎడమ పైరెప్పని మెల్లగా పైకెత్తి లైటు వైపు చూడండి. కన్ను నొక్కకండి. గీత మాయమైనా, చోటు మారినా అది రంధ్రం నుంచి వచ్చే వెలుతురే. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఇదే పరీక్ష వాళ్ళ ముందు చేసి చూపించండి, అప్పుడు మీ మాట రెండు నిమిషాల్లో తేలిపోదు.

"ఏం లేదమ్మా" అనడం నాకు నచ్చదు. ఉంది కాబట్టే మీరు చెప్పారు. ఇది తెలిసిన ఇబ్బందే, లేజర్‌కి ముందు సంతకం తీసుకునేటప్పుడే చెప్పాల్సిన సంగతి. కెనడాలో చేసి 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక్కో మనిషికి ఒక కంటికి పైభాగంలో, రెండో కంటికి కణత వైపు చేసి చూశారు. పైభాగంలో రంధ్రం చేసిన కళ్ళలో వందకి పది పదకొండింటిలో ఈ గీత కొత్తగా వచ్చింది, కణత వైపు చేసిన వాటిలో వందకి రెండింటిలో. తర్వాత మన దక్షిణాదిలోనే చేసిన ఇంకో పరిశోధనలో అంత తేడా కనిపించలేదు. అందుకే ఏ చోట చెయ్యాలన్నది ఇప్పటికీ డాక్టరు అలవాటు మీదే నడుస్తోంది.

చాలామందికి కొన్ని నెలల్లో గీత వెలిసిపోతుంది, లేదా మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీరు రోజంతా సూది పట్టుకునే మనిషి కాబట్టి మిగతావాళ్ళకంటే ఆలస్యం కావచ్చు. కుట్టు మిషను దగ్గర లైటు నెత్తిమీద కాకుండా పక్కనుంచి, కళ్ళ కంటే కిందగా పడేట్టు మార్చి చూడండి. పై లైటు వెలుతురే సూటిగా ఆ రంధ్రం మీద పడుతుంది. దసరా నాటికి కూడా పని సాగనివ్వకపోతే, రంధ్రం ఉన్నచోట రంగు ఉండే కాంటాక్ట్ లెన్సు ఒక దారి. రంధ్రం మూసెయ్యమని మాత్రం ఎవర్నీ అడక్కండి. అది తెరుచుకుని ఉండడమే మీకు రక్ష.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ గీత ఉన్నచోటే ఉంటుంది, వెలుతురు ఉంటేనే ఉంటుంది. అలా కాకుండా చీకట్లో కూడా పక్కల నుంచి మెరుపులు కొట్టినా, నల్లటి నలుసులు ఒక్కసారిగా గుంపుగా తేలినా, చూపులో ఒక పక్క తెర దిగినట్టున్నా రెటీనా చిరిగిందేమో చూడాలి. ఈ లేజర్ వల్ల అలా జరగడం చాలా అరుదు. జరిగితే మాత్రం అదే రోజు వెళ్ళాలి.

రక్తం సంగతి మీరు మర్చిపోవచ్చు. మనవాళ్ళ ఐరిస్ ముదురు గోధుమరంగుది, మందంగా ఉంటుంది, లేజర్ దెబ్బలు కాస్త ఎక్కువ పడతాయి. సన్నటి రక్తనాళం తగిలితే రెండు చుక్కలు కారుతుంది. కంటి మీద పెట్టిన లెన్సుతోనే కాసేపు నొక్కితే ఆగిపోతుంది. మీకు చేసింది సరైన పనే. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్ళు ముందే చెప్పాలి. మీ రెండు రోజుల మసక ఆ రక్తానిదే అయి ఉంటుంది.

చేసినరోజు అసలు కంగారు ప్రెషర్ గురించి. లేజర్ తర్వాత మొదటి గంట నుంచి మూడు గంటల్లో ప్రెషర్ ఒక్కసారి ఎగబాకవచ్చు. అందుకే ముందూ తర్వాతా ప్రెషర్ తగ్గించే బ్రిమోనిడిన్ లాంటి చుక్కలు వేసి, గంట కూర్చోబెట్టి మళ్ళీ కొలుస్తాం. "అయిపోయింది కదా, బస్సు దొరకదు, వెళ్ళిపోతాం" అని లేచేవాళ్ళు ప్రతివారం కనిపిస్తారు. ఆ గంట కూర్చోవడం కూడా వైద్యంలో భాగమే. ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి కన్ను పగిలిపోయేంత నొప్పి, వాంతులు, చూపు తగ్గడం ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇక బాగున్న చూపు పాడుచేసుకున్నారా అంటే, లేదు. యాంగిల్ ఇరుకుగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ లేజర్ అవసరమా అని నన్నడిగితే అంత గట్టిగా చెప్పను. చైనాలోని గ్వాంగ్‌జౌలో 889 మందికి, ఇరుకు తప్ప వేరే తేడా ఏదీ లేనివాళ్ళకి, ఒక కంటికి లేజర్ చేసి రెండో కంటిని అలాగే వదిలి ఆరేళ్ళు చూశారు. లేజర్ చేసిన కళ్ళలో 19, వదిలేసిన కళ్ళలో 36 జబ్బు వైపు జరిగాయి. 2019లో ఫలితాలు వచ్చాయి. లేజర్ సగం మేర కాపాడింది, కానీ వదిలేసినా చాలామందికి ఏమీ కాలేదు. కాబట్టి ఉత్త ఇరుకే ఉండి, చెప్పిన రోజుకి వచ్చి చూపించుకునే మనిషైతే ఆగి చూడొచ్చు. మీ సంగతి వేరు. ప్రెషర్ 28 ఉంది, వలయాలు కనిపించాయి, నొప్పి వచ్చింది. ఆ దశలో నేనైనా చేసేదాన్ని. 1990ల చివర్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవాళ్ళు మన హైదరాబాద్ జనాన్ని పరీక్షించినప్పుడు, ఈ మూసుకుపోయే రకం జబ్బున్నవాళ్ళలో ముగ్గురిలో ఒక్కరికే ఆ సంగతి ముందు తెలుసు. మిగతావాళ్ళు మీలాగే మైగ్రేన్ అనుకునో, చత్వారం అనుకునో తిరుగుతున్నారు. కొందరికి అప్పటికే ఒక కన్ను పోయింది.

జలుబు మాత్రల మీది హెచ్చరిక ముఖ్యంగా యాంగిల్ ఇరుకుగా ఉండి ఇంకా లేజర్ కానివాళ్ళ కోసం. ఆ మాత్రలు కనుపాపని పెద్దది చేస్తాయి. రంధ్రం తెరుచుకుని ఉండి, యాంగిల్ కూడా విప్పుకుంటే మీరు వాడుకోవచ్చు. ఆ "కూడా" దగ్గరే మెలిక ఉంది. కొందరికి రంధ్రం బాగున్నా ఐరిస్ అమరిక వల్ల యాంగిల్ ఇరుకుగానే ఉండిపోతుంది. లేజర్ తర్వాత గోనియోస్కోపీ, అంటే అద్దాల లెన్సు కంటికి ఆనించి యాంగిల్ చూసే పరీక్ష, మళ్ళీ చేశారా అని అడగండి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ప్రెషర్, గోనియోస్కోపీ, ఫీల్డ్ టెస్ట్ (పక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష), ఈ మూడూ ఈసారి అడిగి చేయించుకోండి. లేజర్ జరిగిందని ఒక ఫైలు, చుక్కలు రాసిన చీటీ వేరొక చోట ఉంటే రెండూ కలిపి తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. నాది ఓపెన్ యాంగిల్ గ్లకోమా అన్నారు. రెండు రకాల చుక్కలు వాడుతుంటే ఎస్.ఎల్.టి. లేజర్ చేశారు. ముందు ప్రెషర్ 24, వారం తర్వాత చూస్తే 25. కన్ను కొంచెం ఎర్రగా ఉంది. లేజర్ అయిపోయింది కదా అని చుక్కలు మానేశాను. డబ్బు దండగయినట్టేనా?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: చుక్కలు ఈ రాత్రి నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. మీ లేజర్ విఫలమైందో లేదో ఇప్పుడు చెప్పలేం, ఎందుకంటే మీరు ఒక చేత్తో లేజర్ పెట్టి రెండో చేత్తో మందు తీసేశారు. మందు లేకుండా 25 దగ్గరే ఆగిందంటే, లేజర్ ఎంతో కొంత పనిచేస్తోందేమో కూడా.

మీది యాంగిల్ తెరుచుకునే ఉన్న రకం నీటికాసులు. ఈ లేజర్ పైన చెప్పిన దానిలాంటిది కాదు. రంధ్రం చెయ్యదు. యాంగిల్‌లో ఉన్న జల్లెడలోని రంగు కణాల మీద తక్కువ శక్తితో పడి, ద్రవం బయటికి పోయే దారిని మెల్లగా మెరుగుపరుస్తుంది. ఫలితం పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి ఎనిమిది దాకా పడుతుంది. వారానికే కొలిచి నిరాశపడడం తొందరపాటు. రెండు మూడు రోజులు ఎరుపు, వెలుతురు చూస్తే చిరచిర మామూలే. వారం దాటినా ఎరుపు పోకపోతే చూపించుకోండి, కానీ మీ అంతట మీరు స్టెరాయిడ్ కొనకండి. పై జవాబులో స్టెరాయిడ్ గురించి చెప్పింది మీకూ వర్తిస్తుంది.

పని చేస్తే ప్రెషర్ అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా దిగుతుంది. అందరికీ దిగదు. దిగినా కొన్నేళ్ళకి ప్రభావం తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ చేయించుకోవచ్చు. బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధనలో లేజర్‌తో మొదలుపెట్టినవాళ్ళలో వందకి 74 మంది మూడేళ్ళ తర్వాత కూడా చుక్కలు లేకుండా ఉన్నారని 2019లో వచ్చింది. ఆసుపత్రి గోడల మీద ఈ లెక్క మీకు కనిపించి ఉండొచ్చు. వాళ్ళంతా అప్పుడే జబ్బు బయటపడి, ఇంకా ఏ మందూ మొదలుపెట్టనివాళ్ళు. మీరు రెండు మందుల మీద ఉన్నారు. మీకు రెండు చుక్కల్లో ఒకటి తగ్గినా నేను దాన్ని లాభం కిందే రాసుకుంటాను.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు, షుగర్ ఉంది. కుడి కంట్లో కొత్త రక్తనాళాలు పెరిగి నీటికాసులొచ్చి చూపు ముందే పోయింది. నొప్పి భరించలేకపోతే డయోడ్ లేజర్ చేశారు. తర్వాత కన్ను వాచి మళ్ళీ నొప్పి. స్టెరాయిడ్ చుక్కలు, అట్రోపిన్, డయామాక్స్ మాత్రలు ఇచ్చారు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటున్నారు. లేజర్ నరాలకి తగిలిందా?
– ఒక పాఠకుడు, ఎల్.బి. నగర్

జవాబు: తిమ్మిరి డయామాక్స్‌ది, అంటే కంటి ప్రెషర్ తగ్గించడానికి ఇచ్చిన మాత్రది. వేళ్ళ కొసలూ, పెదాల చుట్టూ చిమచిమలాడతాయి, మాత్ర ఆపితే పోతుంది. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చేయించకుండా ఆ మాత్ర ఎక్కువ రోజులు సాగనివ్వకండి. సల్ఫా మందులు పడవంటే ఇది మొదలుపెట్టకముందే చెప్పాలి.

పై ఉత్తరం చదివి స్టెరాయిడ్ మాన్పించకండి! డయోడ్ లేజర్ కంట్లో ద్రవం ఊరే భాగాన్నే కాల్చేస్తుంది, దాంతో వాపు గట్టిగానే వస్తుంది. అది అణగడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఆ మందులు ఇక్కడ అవసరం. ద్రవం మరీ తగ్గితే కన్ను మెత్తబడి చిన్నదయ్యే ప్రమాదమూ ఉంది. చూపు లేని కంటికి నొప్పి తగ్గించడమే లక్ష్యం కాబట్టి ఆ సాహసం చేస్తాం. నొప్పి తగ్గకపోతే ఇంకోసారి చెయ్యాల్సి రావచ్చు.

ఆయన ఎడమ కన్ను సంగతి మీరు రాయలేదు. షుగర్ వల్ల కుడి కంట్లో జరిగింది అందులోనూ జరగవచ్చు. ఈ నెలలోనే రెటీనా పరీక్ష చేయించండి. ఎడమ కంట్లో ఎరుపు, మసక మొదలైతే ఆ రోజే తీసుకెళ్ళండి. ఖర్చు ఇబ్బందైతే మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు షుగర్ రిపోర్టులు, ఆయన వాడే మందుల సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి.